ఆంధ్రభీష్ముడు న్యాపతి సుబ్బారావు పంతులు

ప్రజాజీవితంలో పెద్దల స్థానమెట్టిదో తెలుసుకొనదలచిన మనం దూరం పోనక్కరలేదు. గౌతమీ తీరాన రాజమహేంద్రవరంలో జీవించిన న్యాపతి సుబ్బారావు పంతులుగారి చరిత్రను పరిశీలిస్తే చాలు. తెలుగువారు ఆయనను ఆంధ్రభీష్ముడన్నారు. ఆ బిరుదు కేవలం వయోవృద్ధతకు చేసిన నమస్కారమని భావించడం పొరపాటని మా అభిప్రాయం.

1856లో నెల్లూరున జన్మించిన పంతులుగారు, మద్రాసులో 1878లో హిందూ పత్రికను స్థాపించిన ఆరుగురు యువకులలో ఒకరు. పిమ్మట రాజమహేంద్రవరంలో న్యాయవాదిగా స్థిరపడి, 1885లో పురపాలక సంఘాధ్యక్షులయ్యారు. వీరేశలింగం పంతులుగారు సంపాదకులుగా చింతామణి పత్రికను నడిపి, నవలల పోటీలు పెట్టి, తెలుగు నవలకు దోహదం చేశారు. అనగా, సలహా చెప్పే అర్హతను ఆయన పనిచేసి సంపాదించుకున్నారు.

1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ ఆరంభమైంది. ప్రత్యేక రాష్ట్రమన్నచో యువకులకు ఉత్సాహం, కొందరు పెద్దలకు సంశయం. 1914లో విజయవాడ సభకు పంతులుగారు అధ్యక్షత వహించారు. రాష్ట్రం కావాలన్న తీర్మానం ఆ సభలోనే జరిగింది. అంతటి వృద్ధనాయకుడు ఆ పీఠంపై కూర్చుండుటతో, యువకుల ఆవేశమని త్రోసిపుచ్చే వీలు లేకపోయింది.

ఆ సంవత్సరం మొదలు 1917 వరకు ఆయన జాతీయ కాంగ్రెసు ప్రధాన కార్యదర్శి. ఆ బాధ్యతలో ఆయనకు తోడు నవాబ్ సయ్యద్ మహమ్మద్ బహదూర్. 1916లో లక్నోలో కాంగ్రెసు, ముస్లిం లీగుల ఒడంబడిక కుదిరినది వీరి హయాంలోనే. 1918లో ఆంధ్రకు ప్రత్యేక కాంగ్రెసు సంఘం ఏర్పడినప్పుడు పంతులుగారే అధ్యక్షులు, కొండా వెంకటప్పయ్యగారు కార్యదర్శి. కోరిక ఆ విధంగా సంస్థ రూపం దాల్చింది.

భారతంలోని భీష్ముడు ద్రౌపది ప్రశ్నించిన నిండుసభలో ధర్మం తేల్చి చెప్పలేకపోయాడు. అంపశయ్యపై నుండి ధర్మరాజుకు రాజనీతినంతటినీ బోధించాడు. అప్పటికి కురుక్షేత్రం ముగిసింది. మన ఆంధ్రభీష్ముడు మాత్రం సభ జరుగుతుండగానే తన మాటను, తన పేరును సభకు ఇచ్చారు.

పంతులుగారు 1941లో కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న అవతరించింది. ఫలం చూడకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఉర్దూలో మష్వరా అన్నా, తెలుగులో ఆలోచన అన్నా, దానికి సమయం ప్రధానం. పెద్దలకు శాలువా కప్పుటతో మన విధి తీరదు. పని మొదలు కాకముందే వారిని అడగాలి. అడిగినప్పుడు నిర్భయంగా చెప్పడం పెద్దల విధి.