అప్పుల్లో ఉండి అరవిందుని విడిపించిన న్యాయవాది

అలీపూర్ బాంబు కేసు అనగానే అరవింద ఘోష్ పేరు స్ఫురించడం సహజం. ఆయనను నిర్దోషిగా బయటకు తెచ్చిన న్యాయవాది ఆనాటికి స్వయంగా దివాలా తీసిన మనిషి. ఆయనే అనంతర కాలంలో దేశబంధుగా ప్రఖ్యాతి గాంచిన చిత్తరంజన్ దాస్.

1870 నవంబరు 5న కలకత్తాలో జన్మించిన దాస్, ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులై, ఐసిఎస్ పరీక్ష కోసం ఇంగ్లండు వెళ్లారు. అందులో కృతార్థులు కాలేక న్యాయశాస్త్రం అభ్యసించి బారిస్టరుగా తిరిగివచ్చారు. ప్రాక్టీసు అంతంతమాత్రం. తండ్రి భువన్ మోహన్ చేసిన అప్పుల భారాన్ని తానూ తలకెత్తుకోవలసి వచ్చింది. 1906లో తండ్రీకొడుకులిద్దరూ దివాలా ప్రకటించుకున్నారు.

1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో బాంబు పేలి ఇద్దరు ఆంగ్ల మహిళలు మరణించారు. రెండు రోజులకే అరవిందుని అరెస్టు చేశారు. ప్రభుత్వం తరఫున వాదించడానికి మద్రాసులో పేరుమోసిన బారిస్టరు ఎర్డ్‌లీ నార్టన్‌ను రప్పించారు. అరవిందుని డిఫెన్సుకు పోగుచేసిన చందాలు కొద్ది కాలానికే అడుగంటాయి. ఆ దశలో దాస్ కేసును చేపట్టి, నెలల తరబడి ఇతర సంపాదన వదులుకున్నారు.

సెషన్సు జడ్జి బీచ్‌క్రాఫ్ట్, ముద్దాయి అరవిందుడు ఒకే ఏడాది ఐసిఎస్ పరీక్ష రాసినవారు కావడం విశేషం. 206 మంది సాక్షుల విచారణ జరిగింది. అప్రూవరుగా మారిన నరేన్ గోసాయిని సహ ముద్దాయిలు జైలులోనే కాల్చి చంపారు. క్రాస్ ఎగ్జామినేషనుకు గురికాని అతని వాంగ్మూలానికి సాక్ష్యంగా విలువ లేకుండాపోయింది. మిఠాయిల ప్రస్తావనతో బాంబులను సూచించినదిగా ప్రాసిక్యూషన్ చూపిన లేఖ కల్పితమని దాస్ వాదించారు. స్వాతంత్య్రాన్ని ఆదర్శంగా ప్రబోధించడం నేరం కాదనీ, ఆదర్శానికీ కుట్రకూ నడుమ లంకెను సాక్ష్యంతోనే రుజువు చేయాలనీ ఆయన వాదన సారాంశం.

1909 మే 6న అరవిందుడు నిర్దోషిగా విడుదలయ్యారు. ఆయన తమ్ముడు బారీంద్రకూ, ఉల్లాస్కర్ దత్తుకూ మరణశిక్ష పడింది. హైకోర్టు అప్పీలులోనూ దాస్ వాదించారు. నవంబరులో ఆ శిక్షలు యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మారాయి.

ఆ కేసుతో దాస్ పేరు దేశమంతటా మారుమోగింది. ఢాకా కుట్ర కేసులోనూ ముద్దాయిల పక్షాన నిలిచారు. ఆదాయం వెల్లువెత్తింది. దివాలా చట్టం బాధ్యత నుంచి తప్పించిన పాత అప్పులను సైతం 1913లో ఆయన తీర్చివేశారు. ఋణదాతలు వదులుకున్న సొమ్మును వెతుక్కుంటూ వెళ్లి చెల్లించిన వైనం కోర్టు వర్గాలను అబ్బురపరచింది.

అంతటి ప్రాక్టీసును 1921లో సహాయ నిరాకరణోద్యమం కోసం త్యజించారు. న్యాయస్థానాల్లో ఇతరుల స్వేచ్ఛ కోసం వాదించిన ఆయన ఆ డిసెంబరులో తానే అరెస్టయ్యారు. 1922లో గయ కాంగ్రెసుకు అధ్యక్షులై, మరుసటి ఏడాది మోతీలాల్ నెహ్రూతో కలిసి స్వరాజ్య పార్టీని నెలకొల్పారు. 1924లో కలకత్తాకు మేయరయ్యారు.

1925 జూన్ 16న డార్జిలింగులో కన్నుమూసేనాటికి తన నివాసాన్ని సైతం జాతికి అర్పించారు. మరుసటి ఏడాది అక్కడే మహిళల వైద్యం కోసం చిత్తరంజన్ సేవాసదన్ వెలసింది. అప్పులతో వృత్తి జీవితం మొదలుపెట్టిన ఆ న్యాయవాది, సంపాదించినదంతా తిరిగి ఇచ్చివేసి వెళ్లారు.