ఆవిరిని మెట్లు దింపిన పార్సన్స్

రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలను చూడనివారు మన జిల్లాలో ఉండరు. లోపల తిరిగే టర్బైన్లను చూసినవారు మాత్రం కొద్దిమందే. బొగ్గు మండి, నీరు ఆవిరై, ఆ ఆవిరి టర్బైను రెక్కలను నిమిషానికి 3,000 చుట్లు తిప్పుతుంది. 1983లో మొదటి యూనిట్ మొదలైననాటి నుంచీ అక్కడ కరెంటు పుడుతున్నది ఇలాగే. పెద్ద గ్యాస్ కేంద్రాల్లోనూ, గ్యాస్ మండాక మిగిలే వేడితో ఆవిరి పుట్టించి మరో టర్బైను తిప్పుతారు. భారీగా కరెంటు తీసేందుకు పనికివచ్చే ఆవిరి టర్బైనును తయారుచేసినవారు సర్ చార్లెస్ పార్సన్స్.

ఆయన 1854 జూన్ 13న లండన్‌లో జన్మించారు. తండ్రి ఐర్లండ్‌లో పెద్ద జమీందారు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దదైన టెలిస్కోపును తమ కోట ఆవరణలోనే కట్టించిన మనిషి. చార్లెస్ ఆయన చివరి కొడుకు. బడికి పోలేదు, ఇంటివద్దే చదివారు. కేంబ్రిడ్జిలో గణితం పూర్తిచేశాక న్యూకాసిల్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ కార్ఖానాలో పని నేర్చుకునేందుకు చేరారు. దొరబిడ్డ చేతికి నూనె మసి అంటించుకోవడం ఆ రోజుల్లో వింతే.

అప్పట్లో డైనమోలను ఆవిరి ఇంజన్లతో తిప్పేవారు. వాటి వేగం చాలేది కాదు. ఆవిరిని సూటిగా రెక్కల మీదికి వదిలితే దాని దూకుడుకు తగిన వేగంతో చక్రాన్ని తిప్పడం కష్టం. పార్సన్స్ ఒక ఉపాయం చేశారు. కాలువకు డ్రాపులు కట్టి నీటిని మెట్టుమెట్టుగా దించినట్లు, ఆవిరి ఒత్తిడిని వరుస తర్వాత వరుసగా ఎన్నో రెక్కల మీద కొద్దికొద్దిగా దించారు. 1884లో తయారైన ఆ మొదటి టర్బైను నిమిషానికి 18,000 చుట్లు తిరిగింది. ఇచ్చిన కరెంటు ఏడున్నర కిలోవాట్లు. పొలంలో 10 హార్స్‌పవర్ మోటారుకు సరిపడేంత!

1889లో భాగస్వాములతో చెడింది. బయటికి వచ్చి న్యూకాసిల్ పక్కన హీటన్‌లో సొంత కార్ఖానా పెట్టారు. పేటెంట్లు మాత్రం పాత కంపెనీకే ఉండిపోయాయి. తాను కనిపెట్టిన యంత్రాన్ని తానే చేయరాదు! చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆవిరి వేరే దారిలో పారే మరో రకం టర్బైనుతో అయిదేళ్లు నెట్టుకొచ్చి, 1894లో హక్కులు తిరిగి సంపాదించారు.

అయినా ఓడల విషయంలో అధికారులను కదిలించడం తేలిక కాలేదు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి నౌకాదళం బారులు తీరింది. పార్సన్స్ తన చిన్న ఓడ టర్బినియాను ఆ బారుల మధ్య గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తించారు. తరిమిన గస్తీ పడవలకు అది అందలేదు. కొన్నేళ్లకే యుద్ధనౌకలకూ టర్బైన్లు వచ్చాయి. కరెంటు టర్బైన్లూ పెరిగాయి. 1900లో జర్మనీకి వెయ్యి కిలోవాట్లది, 1912లో చికాగోకు 25,000 కిలోవాట్లది తయారుచేశారు. నేడు రామగుండంలో 500 మెగావాట్ల యూనిట్లూ ఉన్నాయి.

కృత్రిమ వజ్రాలు చేయాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు గాని అది సాగలేదు.

ఒక్కగానొక్క కొడుకు 1918లో యుద్ధంలో చనిపోయాడు. యుద్ధకాలంలో కూతురు రాచెల్ హీటన్ కార్ఖానా పనులు చూసింది. తల్లి కేథరిన్‌తోనూ మరికొందరితోనూ కలిసి 1919లో మహిళా ఇంజనీర్ల సంఘం స్థాపించి, దాని మొదటి అధ్యక్షురాలైంది.

1931 ఫిబ్రవరి 11న, ఓడ ప్రయాణంలో ఉండగా, జమైకాలోని కింగ్‌స్టన్ రేవులో పార్సన్స్ కన్నుమూశారు. ఇంగ్లండ్‌లో కిర్క్‌వెల్పింగ్టన్ అనే పల్లెలో ఆయన సమాధి ఉంది.