శ్మశానంలో పద్యం పాడిన కవి – గుఱ్ఱం జాషువా

నవంబరు 2వ తేదీ వస్తే మనం కొవ్వొత్తులు, పూలదండలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తాం. బోరబండలో ఉన్నా సొంత ఊళ్లో ఉన్నా ఆ రోజు మనవాళ్ల సమాధి కడిగి, దీపం పెట్టి, ప్రార్థన చెప్పుకోనిదే మనసు ఊరుకోదు. కన్నవాళ్లకు, తోబుట్టువులకు ఇది మన రుణం. మనకు మాట ఇచ్చి వెళ్లిన కవులకు కూడా ఇలాంటి రుణం ఒకటి ఉంది. దాన్ని తలచుకోవడానికి గుఱ్ఱం జాషువా జీవితం కంటే మంచి పాఠం మనకు దొరకదు.

జాషువా 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. ఇద్దరివీ వేర్వేరు కులాలు. తల్లి మాదిగ కులానికి చెందినావిడ. ఇంట్లో క్రైస్తవ విశ్వాసం ఉంది గాని, ఊరు మాత్రం ఆ పిల్లవాణ్ణి అంటరానివాడిగానే చూసింది. బడిలోనూ ఆ బాధ తప్పలేదు. అయినా పద్యం మీద ప్రేమ చావలేదు. సంస్కృతం నేర్చారు, కావ్యాలు చదివారు.

పదిహేనేళ్లకే మేరీతో పెళ్లయింది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయాక బతుకుతెరువు వెతుక్కుంటూ రాజమండ్రి చేరారు. 1915–16 ప్రాంతంలో అక్కడ ఆయన చేసిన పని వింటే ఫిల్మ్‌నగర్ పక్కన కాపురముంటున్న మనకు ఆశ్చర్యం కలుగుతుంది. అప్పటికి సినిమాకు మాట రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, పక్కన ఒక మనిషి నిలబడి కథనూ సంభాషణలనూ చదివి వినిపించాలి. జాషువా ఆ వాచకుడు. రేపు మహాకవి కాబోయే మనిషి ఆనాడు మూగబొమ్మలకు గొంతు అరువిచ్చి పొట్ట పోసుకున్నారు.

తరువాత గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు, ఆపైన 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడిగా పనిచేశారు. జీవితంలో కాస్త నిలదొక్కుకున్నారే గాని అవమానం వెన్నంటే వచ్చింది. సొంత ఊరు వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. ఇటు తోటి క్రైస్తవుల్లోనూ కొందరు, పురాణ కథలు రాస్తున్నాడని ఆక్షేపించారు. అటువాళ్లకు క్రైస్తవుడు, ఇటువాళ్లకు పురాణాల కవి. రెండు గుమ్మాల ముందూ నిలబడవలసి వచ్చిన మనిషి ఆయన.

1932లో ‘ఫిరదౌసి’ కావ్యం రాశారు. షానామా రాసిన పారశీక మహాకవి కథ అది. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను మాట తప్పి వెండి పంపాడని, మనసు మారి బంగారం పంపేసరికి కవి శవం ఊరు దాటుతోందని జనంలో ఒక కథ ఉంది. మత పెద్దలు ఊరి శ్మశానంలో చోటివ్వకపోతే ఆయన్ను సొంత తోటలోనే పూడ్చారని కూడా చెబుతారు. చోటు దొరకని ఆ కవికి ఇరాన్‌లోని తూస్‌లో 1934లో గొప్ప సమాధి మందిరం కట్టారు. ఏటా మే నెలలో ఫిరదౌసి దినం నాడు జనం అక్కడ చేరి ఆయన పద్యాలు చదువుతారు. మన దగ్గరా కదిరి దాపున కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. బతికుండగా ఆదరణ చూపని లోకం, చనిపోయాక సమాధి దగ్గర తల వంచడం కొత్త కాదన్నమాట.

1941లో వచ్చిన ‘గబ్బిలం’ జాషువా పేరును ఇంటింటికీ చేర్చింది. గుడిలో అడుగు పెట్టే వీలులేని ఒక అంటరాని పేదవాడు తన గోడును కాశీ విశ్వనాథుడికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకునే కథ అది. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం మాత్రం స్వేచ్ఛగా వెళ్తుంది. ఆ ఒక్క సంగతి చాలు, చదివినవాళ్ల గుండె కలుక్కుమనడానికి.

ఇక ‘శ్మశానవాటి’ పద్యాలు. కవి, రాజు, ఇల్లాలు, చిత్రకారుడు – అందరూ చివరికి ఆ మట్టిలోనే కలుస్తారని, ఆ నేల మీద అంటరానితనం సాగదని వాటి సారం. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనుకు నటులు ఈ పద్యాలను చేర్చుకుని పాడారు. పల్లెల్లో అర్ధరాత్రి దాటాక కూడా జనం మళ్లీ పాడించుకునేవారు. తరువాత సినిమాలోకీ వచ్చాయి. పాడిన నటుడి పేరు అందరికీ గుర్తుంది, రాసిన కవి ఎవరో చాలామందికి తెలియదు.

మెల్లగా లోకం తలవంచింది. పద్యాన్ని ఏలిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏడు శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. కూతురు హేమలతా లవణం తండ్రి పేరు నిలబెట్టేందుకు ఫౌండేషన్ నెలకొల్పి, సాహితీ పురస్కారాలు ఇచ్చారు. ఆవిడ 2008లో తండ్రిని చేరుకున్నారు.

ఏటా ఆయన జయంతికి, వర్ధంతికి విగ్రహాలకు దండలు పడుతున్నాయి. మంచిదే. కాని శ్మశానం గురించి అంత గొప్పగా పాడిన కవికి అసలైన నివాళి శ్మశానంలోనే జరగాలి. ఈ సమాధుల పండుగ నాడు గురువులు సమాధులను ఆశీర్వదించాక, మన విచారణలో చదువుకునే పిల్లవాడో పిల్లో ముందుకు వచ్చి ‘శ్మశానవాటి’ నుంచి ఒక్క పద్యం చదివితే ఎంత బాగుంటుంది! ఆయన మన కతోలిక సంఘంవారు కాదుగదా అన్న శంక అక్కర్లేదు. క్రీస్తు కథను తెలుగు పద్యంలో పోసిన మనిషి మనందరివాడు.

అయితే ఆ పద్యం చదివే ముందు మనం ఒకసారి చుట్టూ చూసుకోవాలి. కొన్ని ఊళ్లలో మన సమాధుల తోటల్లో కూడా ఈ వరుస ఫలానావారిది, ఆ మూల ఫలానావారిది అన్న గీతలు ఇంకా ఉన్నాయి. ఒకే జ్ఞానస్నానం పొంది, ఒకే బల్ల దగ్గర సత్ప్రసాదం అందుకున్నవాళ్లను మట్టిలో మళ్లీ విడదీస్తున్నాం. అలాంటి చోట జాషువా పద్యం చదివితే అది ఆయనకు నివాళి కాదు, మనకు నిలదీత. ఆ గీత చెరపడం విచారణ పెద్దల వల్ల అవుతుంది, మన వల్లా అవుతుంది. ఈ నవంబరుకు ముందే ఆ మాట ఎత్తుదాం. కొవ్వొత్తి వెలిగించేటప్పుడు మన సమాధి మీద ఒకటి, పక్క వరుసలో ఎవరూ రాని సమాధి మీద ఒకటి పెడదాం.