మామ వేదికనూ మెచ్చారు.. పోటీ వేదికనూ మెచ్చారు
తెలుగు నాటకానికి కొత్త నడక నేర్పిన బళ్లారి రాఘవ

బళ్లారి: ఒకే ఊరు. రెండు నాటక సమాజాలు. రెండింటి పెద్దలూ వకీళ్లే, ఇద్దరూ నాటకకర్తలే. ఒకటి సొంత మేనమామది, రెండోది ఆయనకు పోటీగా నిలిచిన వారిది. ఇలాంటి చోట కుర్రాళ్లు ఏదో ఒక పక్షం పట్టి రెండో వారిని వెక్కిరించడం మామూలే. రాఘవ ఆ పని చేయలేదు. రెండు వేదికల పనితనాన్నీ మెచ్చుకున్నారు, రెండు చోట్లా నేర్చుకున్నారు. బళ్లారి పేరునే ఇంటిపేరుగా చేసుకున్న ఆ మహానటుడి జీవితమంతా అలాగే సాగింది.

రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. బళ్లారిలో చదువుకుని, మద్రాసు క్రిస్టియన్‌ కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. ఆపైన మద్రాసులోనే లా చదివి, తిరిగొచ్చి బళ్లారిలో ప్లీడరుగా స్థిరపడ్డారు. పబ్లిక్‌ ప్రాసిక్యూటర్‌గానూ పనిచేశారు. పగలు కోర్టు, రాత్రి నాటకం.. ఇదీ ఆయన దినచర్య.

రెండు సభలు.. రెండు దారులు

మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభ పెట్టారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. పాత్రల చేత పాటలు, పద్యాలు పాడించి జనాన్ని కట్టిపడేశారు. నాటకమంటే చివరికి శుభం పలకాల్సిందే అనుకునే రోజుల్లో ‘విషాద సారంగధర’ రాసి, ఏడిపించే ముగింపును కూడా తెలుగు ప్రేక్షకులతో మెప్పించారు.

కోలాచలం శ్రీనివాసరావుది మరో దారి. ఆయన హంపీ శిథిలాల పక్కనున్న కమలాపురంలో పుట్టారు. చరిత్రను వేదికెక్కించి చారిత్రక నాటక పితామహుడనిపించుకున్నారు. సుమనోరమ సభ ఆయనదే. బళ్లారిలో వకాలతు చేసుకుంటూనే ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లిషులో ఓ గ్రంథం రాశారు. అది 1908లో వెలువడింది. ఊళ్లో కూర్చునే దేశదేశాల నాటకాన్ని పరికించిన మనిషి ఆయన.

రాఘవను నాటకాల వైపు నడిపించింది మేనమామే. అయినా కోలాచలం నాటకాలంటే ఆయనకు ఎంతో ఇష్టం. మామ రాసిన ‘ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడిగా మెప్పించిన రాఘవ, కోలాచలం రాసిన విజయనగర పతనం నాటకంలో పఠాన్‌ రుస్తుంగా జనం గుండెల్లో నిలిచిపోయారు. ఆ పాత్ర ఎంత పేరు తెచ్చిందంటే, రాఘవ అనగానే ముందు రుస్తుమే గుర్తొచ్చేది.

తెరల తళుకుల మధ్య..

ఆ రోజుల్లో నాటకమంటే కళ్లకూ పండగే. పార్శీ కంపెనీల ప్రభావంతో రంగురంగుల తెరలు వచ్చాయి. అడవికొకటి, వీధికొకటి, దర్బారుకొకటి. ముందు వీధి తెర దించి ఇద్దరు నటులు మాట్లాడుతుంటే, వెనకాల చప్పుడు కాకుండా దర్బారు సర్దేవారు. తెర లేవగానే సింహాసనం కనిపించేది, చప్పట్లు మోగేవి. జరీ దుస్తులు, కిరీటాలు, ముఖాన అర్దళం సరేసరి. పద్యం ఎత్తుకుంటే రాగం సాగీసాగీ తెల్లారిపోయేది. జనం వన్స్‌మోర్‌ అంటే చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడాల్సిందే.

ఈ సొగసులన్నీ చూస్తూ పెరిగిన రాఘవకు ఒక అనుమానం పట్టుకుంది. తెర బాగుంది, వేషం బాగుంది, రాగం బాగుంది.. మరి మనిషేడి? పాత్ర పడే బాధ ప్రేక్షకుడికి అందుతోందా? అందుకే ఆయన రాగాలు తగ్గించారు, మాటకు ప్రాణం పోశారు. చూపు, మౌనం, నడక కూడా నటనేనని చేసి చూపించారు. పాటకు అలవాటు పడిన జనం ముందు ఇది చిన్న సాహసం కాదు.

షేక్‌స్పియర్‌ మీద మోజుతో బళ్లారిలో ఆయన పేరిట క్లబ్బు నడిపారు. తెలుగుతో పాటు కన్నడం, హిందీ, ఇంగ్లిషు నాటకాలూ ఆడారు. 1927లో మైసూరు సీమలో విశ్రాంతి తీసుకుంటున్న గాంధీజీ ఎదుట హిందీలో ‘దీనబంధు కబీర్‌’ ప్రదర్శించారు. ప్రార్థన వేళ దాటుతున్నా గాంధీజీ లేవకుండా చూశారని నాటకాల వాళ్లు నేటికీ చెప్పుకుంటారు. 1920ల చివర్లో ఇంగ్లండు వెళ్లి అక్కడి రంగస్థలాలు చూశారు, బెర్నార్డ్‌ షాను కలిశారు.

ఆడ పాత్రకు ఆడవారే

సురభి కుటుంబాల్లో స్త్రీలు అప్పటికే వేదికెక్కారు. చదువుకున్న వారి సమాజాల్లో మాత్రం మగవారే చీర కట్టేవారు. ఇది మారాలని రాఘవ పట్టుబట్టారు. మాటలు పడ్డా వెనక్కి తగ్గలేదు. పి.వి.రాజమన్నార్‌ రాసిన సాంఘిక నాటకం ‘తప్పెవరిది’ని భుజానికెత్తుకున్నారు. ఈ రాజమన్నారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కిరీటాలు, దర్బారు తెరలు అక్కర్లేని, మామూలు ఇంట్లో జరిగే కథ అది. కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారు రాఘవతో కలిసి నటించారు. పౌరాణికాల్లో వెలిగిన నటుడే వాటిని పక్కనపెట్టి, తన కంటే చిన్నవాడు రాసిన కొత్త నాటకానికి పెద్దపీట వేయడం ఆయన గుణానికి గుర్తు.

సినిమా కూడా ఆయన్ను పిలిచింది. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడయ్యారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో, 1940లో ‘చండిక’లో నటించారు. అయినా మనసంతా నాటకం మీదే. 1946 ఏప్రిల్‌ 16న కన్నుమూశారు.

గీత గీసినా..

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడ్డాక కోలాచలం పుట్టిన కమలాపురమూ వేరైంది. రాఘవ పుట్టిన తాడిపత్రి సరిహద్దుకు అవతల, ఆయన ఆడిన బళ్లారి ఇవతల. రెండు భాషల్లోనూ ఆడిన మనిషి కాబట్టి రెండు వైపులా మావాడే అంటారు. బళ్లారిలో రాఘవ కళామందిరంలో ఇప్పటికీ తెలుగు, కన్నడ నాటకాలు ఒకే వేదిక మీద ఆడతాయి.

అవతల ఏప్రిల్‌ 16న కందుకూరి వీరేశలింగం జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు. రాఘవ వర్ధంతి కూడా అదే రోజు.