బడ్డీ వెంట నడిచిన మోరిస్ ఫ్రాంక్

తిరుపతి బస్టాండు ముందు తెల్లకర్రతో నిలబడినవారిని మీరు చూసే ఉంటారు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు. మంచిదే. కానీ ఆ చెయ్యి దొరికేదాకా వాళ్లు అక్కడే నిలబడాలి. ఆ ఎదురుచూపు ఎంత బరువో బాగా ఎరిగినవాడు అమెరికాకు చెందిన మోరిస్ ఫ్రాంక్.

1908లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు గుర్రం మీద వెళ్తుంటే చెట్టుకొమ్మ తగిలి కుడికన్ను పోయింది. పదహారేళ్లకు బాక్సింగ్‌లో దెబ్బ తగిలి రెండోదీ పోయింది. (మీ ఇంట్లో ఎవరి కంటికైనా గట్టి దెబ్బ తగిలితే నలపకండి, ఆకుపసరు పిండకండి. అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.) తల్లికీ చూపు లేదు. బీమా పాలసీలు అమ్ముకుంటూ, దారి చూపడానికి ఒక కుర్రాడిని జీతానికి పెట్టుకున్నాడు.

1927లో తండ్రి ఒక పత్రికా వ్యాసం చదివి వినిపించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకు జర్మనీలో కుక్కలు దారి చూపుతున్నాయని డొరొతీ యూస్టిస్ అనే ఆవిడ రాసింది. ఫ్రాంక్ ఆమెకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు స్విట్జర్లాండ్ వెళ్లాడు. ఓడలో అతన్ని సామాను పార్శిల్‌లాగే తీసుకెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు పక్కన బడ్డీ అనే ఆడ జర్మన్ షెపర్డ్ ఉంది. అక్కడ దాన్ని వెంటబెట్టుకుని తొలిసారి ఒంటరిగా క్షౌరశాలకు వెళ్లొచ్చాడు. మనకిది చిన్న విషయం.

1928 జూన్‌లో న్యూయార్క్‌లో విలేఖరుల కళ్లముందే, వాహనాలతో కిక్కిరిసిన వెస్ట్ స్ట్రీట్‌ను ఆ జంట దాటింది. ఇలాంటి కుక్క చెప్పింది చెయ్యడమే కాదు, ఎదురుగా బండి వస్తుంటే యజమాని పదమన్నా కదలదు.

1929లో యూస్టిస్‌తో కలిసి 'ది సీయింగ్ ఐ' శిక్షణ సంస్థ పెట్టాడు. అసలు కష్టం ఆ తర్వాతే. హోటళ్లు, రైళ్లు కుక్కను రానిచ్చేవి కావు. ఊరూరా తిరిగి వాదించాడు. 1935 నాటికి అమెరికా రైళ్లన్నీ ఒప్పుకున్నాయి. 1956 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ చట్టాలు వచ్చాయి.

మన చిత్తూరు, తిరుపతి వైపు గైడ్ డాగ్ కనబడటం అరుదు. వీధికుక్కల గుంపుల మధ్య దాన్ని నడిపించడమూ తేలిక కాదు. కానీ రేపు ఒకరు దానితో మా ఆస్పత్రి ఓపీకి వస్తే? టీకాలు వేయించిన, శిక్షణ పొందిన కుక్కను గేటు దగ్గర ఆపాల్సిన పని లేదని డాక్టరుగా నా అభిప్రాయం. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ సంగతి వేరు. మీరు మాత్రం పనిలో ఉన్న ఆ కుక్కను నిమరకండి, బిస్కెట్లు వెయ్యకండి. దాని ధ్యాస చెదిరితే యజమాని పడిపోతాడు.

బడ్డీ 1938లో చనిపోయింది. ఫ్రాంక్ 1980 దాకా బతికాడు. ఆ తర్వాత తెచ్చుకున్న కుక్కలన్నిటికీ బడ్డీ అనే పేరే పెట్టుకున్నాడు.