బంగారు పతకం వెనుక బడిపంతులు

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాల గురించి చదువుకుంటూ వస్తున్నాం. ఈసారి ఒక ఆటల మాస్టారి గురించి రాయాలనుకున్నాం. ఆయన మన జంటనగరాల మనిషే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో ఇప్పటివరకు రెండే రెండు బంగారు పతకాలు గెలిచింది. ఆ రెండుసార్లూ శిక్షకుడు ఆయనే. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చేదాకా మాకు ఆ పేరు తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. పద్మారావు నగర్ హాస్టల్లో ఉన్నన్ని రోజులూ క్రికెట్ స్కోర్లు అడిగాం గానీ, ఈ ఊరు ఒకప్పుడు ఫుట్‌బాల్ ఊరని ఎవరినీ అడగలేదు.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయునిగా చేరారు. తర్వాత దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తి చేసి, ఆ బడుల్లో ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. పెద్ద పదవి ఏదీ లేదు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అని పిలిచేవారు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా జట్లదే పేరు. అలాంటి కాలంలో మన పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. ఆయన నేర్పే పద్ధతి బడిలో పాఠం చెప్పినట్టే ఉండేది. కుర్రవాళ్లకు బలం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒక్కరే పరుగెత్తకుండా, వెంటనే తోటివాడికి అందించాలని ఇంకొన్ని పోటీలు పెట్టేవారు. లెక్కల్లో వెనుకబడిన పిల్లవాడితో లెక్కలే ఎక్కువ చేయిస్తారు కదా, అదే పద్ధతి.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. అక్కడి చలిలో మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఎంత అవమానమో ఊహించుకోండి. రహీం గారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ ఆ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోలు మనవాళ్లే వేశారు. చివరికి 4-1తో ఓడినా, నాలుగో స్థానంతో తిరిగొచ్చారు.

ఆ మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరాం అనే కుర్రాడు ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ ఆయనది. మన హాస్టల్ నుంచి సైకిలు మీద వెళ్లి రాగలిగినంత దూరమే. పేద కుటుంబం. ఆయన ఆట చూసి రహీం గారు శిక్షణకు రమ్మన్నారు. రావడానికి డబ్బులు లేవని తెలిసి, సైకిలు అద్దె తానే ఇచ్చేవారని బలరాం గారు తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. ఆ సైకిలు అద్దె ఎంత దూరం పోయిందో చూడండి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ వేసింది ఆ అమ్ముగూడ కుర్రాడే.

రోమ్ జట్టు గురించి ఇంకో మాట చెప్పాలి. రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆ జట్టులో ఉన్నారు. కానీ ఒక్క మ్యాచ్‌లో కూడా ఆడలేదు. కన్న కొడుకని మైదానంలోకి దింపలేదు. సిఫారసు లేనిదే పని జరగదని నిరాశపడే మనలాంటి వాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయన్ని రక్షణ స్థానం నుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అందులో చాలామంది మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోలు వేశారు. తలకు కట్టుతో జర్నైల్ సింగ్ రెండో గోలు వేశారు. 2-1తో గెలిచాం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారు పతకం రాలేదు.

ఆ గెలుపు తర్వాత తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం గారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలుకాలేదు.

ఈ జీవితం చదువుతుంటే మాకు మన హాస్టల్లోని ఒక తమ్ముడు గుర్తొచ్చాడు. తొమ్మిదో తరగతి. పరుగులో వాడిని మించినవాడు లేడు. జిల్లా ఎంపికలకు పేరు వచ్చింది. ఆ రోజు వాడు వెళ్లలేదు. బద్ధకమనుకుని మేమే నాలుగు మాటలన్నాం. బస్సు ఛార్జీకి డబ్బులు లేక ఆగిపోయాడని, ఎవరినీ అడగలేక ఊరుకున్నాడని నెలలు గడిచాక తెలిసింది. అప్పటికి వాడు చదువు మానేసి పనికి వెళ్లిపోయాడు. ఆ ఛార్జీ మేము సాయంత్రం టీ, సమోసాకు పెట్టే ఖర్చంత. మేము అప్పుడు ఆ గదిలోనే ఉన్నాం. అడగలేదు, అంతే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఇక్కడిదాకా ఒంటరిగా రాలేదు. పరీక్ష ఫీజు కట్టిన సీనియర్ అన్న, పాత పుస్తకాలు ఇచ్చిన అన్న, అప్లికేషన్ నింపిపెట్టిన అన్న, అందరి చేతులూ ఉన్నాయి. వాళ్ల పేర్లు మా సర్టిఫికెట్ మీద ఉండవు. రహీం గారి పేరు కూడా పతకాల మీద లేదు.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు మా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వేదిక మీద ప్రసంగంతో సరిపెట్టకుండా, ఒక్కసారి గదుల్లోకి వచ్చి తమ్ముళ్లను పలకరించండి. ఎవరికి ఏది అడ్డుపడుతోందో అడగండి. తమ్ముళ్లారా, మీరు కూడా అవసరమైతే అడగడానికి మొహమాటపడకండి. ఈ ఏడు నుంచి ఎంపికల రోజున దారి ఖర్చు లేక ఎవరూ ఆగిపోకుండా చూసే పని మా బ్యాచ్ తీసుకుంటోంది. రహీం గారి గురించి రాసి ఊరుకోవడం కన్నా ఆయనకు అదే సరైన నివాళి అని మేము అనుకుంటున్నాం.