చూపున్నవారు వద్దన్న చుక్కలు

ఫ్రాన్సులోని కూప్‌వ్రే గ్రామంలో గుర్రపు జీనులు కుట్టే వారింట 1809లో లూయీ బ్రెయిలీ జన్మించారు. మూడేళ్ళప్పుడు తండ్రి ఆరె కంట్లో గుచ్చుకుంది. అయిదేళ్ళకు రెండు కళ్ళూ పోయాయి.

ఆయన చేరిన పారిస్ అంధుల పాఠశాలలో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. కంటితో చూసే పంతుళ్ళకు అవి సులువే, వేలితో తడిమే పిల్లలకే యాతన. ఇక రాయడం సంగతి చెప్పనే అక్కర్లేదు. షార్ల్ బార్బియే తెచ్చిన 12 చుక్కల పద్ధతిని బ్రెయిలీ 15వ ఏట ఆరు చుక్కలకు కుదించారు. అక్షరం వేలికొన కింద ఇమిడింది.

తర్వాత ఆయన అక్కడే ఉపాధ్యాయులయ్యారు. అయినా 1840లో వచ్చిన పాఠశాల అధిపతి ఆ చుక్కలను నిషేధించారు. పిల్లలు వింటారా? దొంగచాటుగా రాసుకున్నారు. 1844లో పాఠశాలే దిగివచ్చింది.

బ్రెయిలీ 1852లో క్షయతో కన్నుమూశారు. నూరేళ్ళకు ఆయన అస్థికలను పారిస్‌లోని జాతీయ స్మారక మందిరానికి తరలించారు. చేతులను మాత్రం కూప్‌వ్రేలోనే ఉంచుకున్నారు.